అంకె తప్పితే అరవదు

నేను పని మానేసిన రోజున, నా కుర్చీలో కూర్చోబోయే ఇద్దరమ్మాయిలు అడిగారు: "మేడం, ఈ పని మీకెవరు నేర్పారు?" నవ్వేసి, "ఎవరు నేర్పుతారమ్మా, తిట్లు తింటూ నేర్చుకున్నా" అన్నాను. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే నా మీద నాకే కోపం వచ్చింది. ఎంత అబద్ధం! నాకు నేర్పినవాళ్ళు ముగ్గురున్నారు. ఒకాయన నా యజమాని. ఒకాయన పక్క టేబుల్ మనిషి. మూడో అతను నా తప్పు వల్ల జీవితం తలకిందులయ్యేదాకా వెళ్ళినవాడు. ఆ ముగ్గురి గురించి చెప్పకుండా నేను ఊరుకుంటే నా నోరు నోరు కాదు. అందుకే ఇది రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, సర్టిఫికెట్లు ఎన్నొచ్చాయి, అవన్నీ అడక్కండి. నాకే గుర్తు లేవు.

నా పేరు మార్త. పుట్టింది, పెరిగింది, ముసలిదాన్నయింది అంతా ఇక్కడే. మా నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చి సోమాజిగూడలో ఒక ఆస్పత్రిలో కాంపౌండర్‌గా చేరాడు. నన్ను నర్సు చేయాలని మా అమ్మ పట్టుదల. నాకు రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. అలా నర్సు కావాల్సినదాన్ని అమీర్‌పేటలో ఒక డీటీపీ సెంటర్లో తేలాను. మా అమ్మ పోయేదాకా చుట్టాలతో "మా అమ్మాయి కంప్యూటర్" అనేది. ఏం చేస్తుందో మాత్రం చెప్పేది కాదు. ఆవిడకు తెలియదు మరి.

అసలు ఆ పనేమిటంటే

మొదట్లో టైపింగ్. పెళ్ళి శుభలేఖలు, కోచింగ్ సెంటర్ల కరపత్రాలు, చర్చి వార్షికోత్సవాల ఆహ్వానాలు. ఆ తరవాత పదిహేనేళ్ళకు పైగా చేసింది వేరే పని. పాత ఫాంట్లలో ఉన్న తెలుగును యూనికోడ్‌లోకి మార్చడం.

తెలియనివాళ్ళకు ఇలా చెప్తాను. అమీర్‌పేటలో హాస్టళ్ళు చూశారుగా. "మూడో మంచం" అంటే ఎవరు? ఏ హాస్టలో చెబితేగాని తెలియదు. ఈ హాస్టల్లో మూడో మంచం మీద వరంగల్ అబ్బాయి ఉంటాడు, పక్క సందులో ఇంకెవరో ఉంటారు. పాత ఫాంట్లు అంతే. కంప్యూటర్ లోపల ఉండేది అక్షరం కాదు, ఒక నంబరు. ఆ నంబరుకు ఏ బొమ్మ చూపించాలో ఫాంటు చెబుతుంది. ఒక ఫాంటులో "క" ఉన్న నంబరు దగ్గర ఇంకో ఫాంటులో ఒత్తో దీర్ఘమో ఉంటుంది. యూనికోడ్ అంటే లోకమంతా ఒప్పుకున్న నంబరు. "క" అంటే ఎక్కడైనా "క"నే. మా పని, మంచం నంబరు చూసి మనిషి పేరు రాయడం. ఎడమవైపు ఫాంటు నంబరు, కుడివైపు యూనికోడ్ అక్షరం. అలా ఒక్కో ఫాంటుకు రెండొందలు, మూడొందల వరసలుండే పట్టిక. మేం దాన్ని టేబుల్ అనేవాళ్ళం.

పీడీఎఫ్ అయితే మరీ తలనొప్పి. చూడ్డానికి పేజీ ముత్యాల్లా ఉంటుంది. కాపీ చేసి ఇంకోచోట పెట్టండి, పిచ్చి గీతలొస్తాయి. పీడీఎఫ్ తయారైనప్పుడు ఆ పుస్తకానికి అవసరమైన బొమ్మలు మాత్రమే లోపల పెట్టుకుని, వాటికి కొత్తగా ఒకటి, రెండు, మూడు అని తన సొంత నంబర్లు వేసుకుంటుంది. అంటే ఒక్కో పుస్తకానికి ఒక్కో టేబుల్ కట్టాలి. ఫొటోలాగా చూసి అక్షరాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్లు వచ్చాయిగా అంటారు. వచ్చాయి. ఒత్తులున్న చోట, గళ్ళపట్టికలున్న చోట అవి చేసే ఘనకార్యం చూసి విసిగినవాళ్ళే మా దగ్గరికి వచ్చేవాళ్ళు.

ప్రసాదరావు గారు, అజీజ్ భాయ్

మా యజమాని ప్రసాదరావు గారిది భీమవరం. మనిషి నెమ్మది, చేయి పొదుపు. ఫ్యాను రెండో స్పీడ్ దాటనిచ్చేవారు కాదు. ఎండాకాలంలో ఆయన మీద నాకు వచ్చినంత కోపం ఇంకెవరి మీదా రాలేదు. అయితే ఒక్కటి చెప్పాలి. ముప్ఫై ఏళ్ళలో ఆయన నా పని చూసి ఎవరి ముందూ కేకలేయలేదు. తప్పు దొరికితే కాగితం మీద పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టి, నా టేబుల్ మీద బోర్లా పెట్టి వెళ్ళిపోయేవారు. ఆ బోర్లా పెట్టడంలో ఉన్న మర్యాద అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పుడు తలుచుకుంటే కళ్ళు చెమ్మగిల్లుతాయి.

అజీజ్ భాయ్ మా ఫాంట్ల డాక్టరు. ఏ కాలేజీలోనూ చదవలేదు, అంతా చేత్తో కెలికి నేర్చుకున్నాడు. టేబుల్ చూసి పుస్తకమంతా మార్చేసే ప్రోగ్రామ్ కూడా ఆయనే రాశాడు. ఆయన దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం చెప్తాను. ఒక పత్రికవాళ్ళ పాత సంచికలు మారుస్తుంటే ఒక నంబరు తగిలింది. ఆ ఫాంటు చేసిన కంపెనీ పుస్తకంలో ఆ గడి ఖాళీ. కానీ పేజీలో అక్కడ నిక్షేపంలాంటి అక్షరం కనబడుతోంది! వారం రోజులు తల పగలగొట్టుకున్నాను. అమీర్‌పేటలో డీటీపీ చేసే ప్రతి సందూ తిరిగి అడిగాను. అందరి దగ్గరా అదే ఫాంటు, అందరి దగ్గరా ఆ అక్షరం ఉంది, ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక్కరికీ తెలియదు. చివరికి ఏడుపుముఖంతో అజీజ్ భాయ్‌కి చూపిస్తే పకపకా నవ్వాడు.

"అరే మార్తా, గా అక్షరం నేనే పెట్టిన!"

"మీరు పెట్టడమేంటి భాయ్?"

"శుభలేఖ కోసం ఒక పెద్దమనిషి నిలబడ్డడు. ఫాంటుల ఆ అక్షరం లేదు. ఖాళీ గడి కనబడ్డది, బొమ్మ గీసి కూసోబెట్టిన. తర్వాత అందరు ఫ్లాపీలల్ల కాపీ కొట్టుకపోయిండ్రు. నాకేం తెలుసు, గింత దూరం పోతదని!"

వారం రోజులు! నాలుగు అడుగుల దూరంలో కూర్చున్న మనిషిని అడగకుండా అమీర్‌పేట అంతా తిరిగాను. తిట్టాలో నవ్వాలో తెలియలేదు, రెండూ చేశాను. అప్పటి నుంచి ఏ ఫైలు వచ్చినా "ఏ ఫాంటు?" అని అడగడం మానేసి, "ఎవరు టైపు కొట్టారు? ఎక్కడ కొట్టారు?" అని అడిగేదాన్ని. పిల్లలూ, మీరు కూడా అదే అడగండి. ఫాంటు పేరు మీద ఎప్పుడూ పూర్తిగా ఆనుకోకండి. ఈ మాట నేనే చెప్తున్నానని నవ్వొస్తోంది. ఎందుకంటే నేనే ఆనుకున్నాను, నేనే పడ్డాను.

యాదగిరి

ఒక మధ్యాహ్నం చేతికర్రతో మెట్లు తడుముకుంటూ ఒకతను వచ్చాడు. ముప్ఫై లోపు ఉంటాడు. పేరు యాదగిరి, సిద్దిపేట వైపు. పదో తరగతిలో జ్వరమొచ్చి చూపు పోయిందట. పంజాగుట్టలో హాస్టల్లో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతున్నాడు. రాసి ఉన్నదాన్ని ఫోను పైకి చదువుతుంది, అతను చెవితో చదువుకుంటాడు. అంతవరకు బాగానే ఉంది. కోచింగ్ సెంటర్ వాళ్ళిచ్చిన మెటీరియల్ మూడు వాల్యూములు, అన్నీ పాత ఫాంటు పీడీఎఫ్‌లు. ఫోను వాటిని విప్పితే ఏదో రాక్షసభాష మాట్లాడుతోంది. అసలు ఫైళ్ళేవని అడిగితే, కొట్టినాయన దుబాయ్ వెళ్ళిపోయాడు, కంప్యూటర్ పాత సామాన్లోకి పోయింది అన్నారట సెంటర్‌వాళ్ళు. మార్చుకుంటానంటే మాత్రం "తీస్కపో" అని సంతకం పెట్టిచ్చారు.

"మూడు బుక్కులు ఎన్ని రోజులల్ల అయితై మేడం?" అన్నాడు.

"తొందరా?"

"మా అక్క మిషన్ కుట్టి నన్ను చదివిస్తున్నది. గీ ఒక్క యేడు చూస్త, కాకుంటే ఇంటికి వచ్చెయ్ అన్నది. ఆమెను అననీకి లేదు, ఆమెకు సుత పిల్లలున్నరు. ఇంటికి పోతే నేనేం చెయ్యాలె మేడం? అరుగు మీద కూసోని బస్సుల చప్పుడు లెక్కపెట్టాలె."

అలా అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ప్రసాదరావు గారు అద్దాల పైనుంచి చూసి, "మిగతావి పక్కన పెట్టమ్మా, ముందు ఇతనిది చూడు" అన్నారు. ఫ్యాను రెండో స్పీడ్ దాటనివ్వని మనిషి ఆ మాట అన్నారు. అందుకే ఆయన మీద నా కోపాలు ఎప్పుడూ సాయంత్రందాకా నిలవలేదు.

మొదటి వాల్యూమ్ పన్నెండు రోజుల్లో ఇచ్చాను. అతను అక్కడే ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒక పేజీ విన్నాడు. వింటూ వింటూ తల ఊపుతున్నాడు. "మేడం, తెలుగే చదువుతున్నది!" అన్నాడు. ఆ ముఖం చూసినప్పుడు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. ఆ గర్వమే కొంప ముంచింది.

రెండో వాల్యూమ్‌లో నేను చేసింది

జాగ్రత్తగా చదవండి, ఈ తప్పు మీరూ చేస్తారు.

పాత రోజుల్లో తెలుగు ఫాంట్లలో అంకెలు లావుగా, వంకరగా ఉండేవి. అందుకని అక్షరాలు తెలుగు ఫాంటులో, అంకెలు మాత్రం ఇంగ్లీషు ఫాంటులో కొట్టేవాళ్ళం. ఇది మా అందరి అలవాటు. పీడీఎఫ్‌లో ఆ అంకెల ఫాంటు విడిగా కూర్చుంటుంది. దానికి టేబుల్ అంటే పదంటే పదే వరసలు. ఏ అంకె పుస్తకంలో ముందు కనబడితే దానికి ఒకటో నంబరు, తరవాతి దానికి రెండో నంబరు, అలా.

రెండో వాల్యూమ్ భూగోళం, ఎకానమీ. తెలుగు అక్షరాలకు మొత్తం టేబుల్ కొత్తగా కట్టాను. అంకెల దగ్గరికొచ్చేసరికి అదే ఫాంటు పేరు, అవే పది బొమ్మలు. మొదటి వాల్యూమ్ టేబుల్ పెట్టి మొదటి పేజీ చూశాను. అదే ఎడిషన్, అదే అడ్రస్, అవే అంకెలు. అన్నీ సరిపోయాయి. "ఇంకేముంది" అనుకున్నాను. ఈ వృత్తిలో ఆ మాటంత పాపిష్టిది ఇంకోటి లేదు.

మొదటి పేజీలో ఉన్నవి ఆరు అంకెలే. మిగతా నాలుగూ లోపలి పేజీల్లో వేరే వరసలో వచ్చాయి. దాంతో పుస్తకమంతా మూడు ఉన్నచోట ఏడు పడింది, ఏడు ఉన్నచోట మూడు. ఆరుకు ఎనిమిది, ఎనిమిదికి ఆరు. నేను పేజీ పేజీ చదివాను, చదవలేదని అనకండి. కానీ నేను చదివింది మాట అతికిందా లేదా అని. అక్షరం తప్పు పడితే అది అరుస్తుంది, కంట్లో పొడుస్తుంది. అంకె తప్పు పడితే నోరు మూసుకుని బుద్ధిమంతురాలిలా కూర్చుంటుంది. ఏడూ అంకే, మూడూ అంకే. ఎవరు కనిపెడతారు?

ముందు ఈ రెండూ వంటబట్టనీయండి అని యాదగిరే అనడంతో మూడో వాల్యూమ్ కొన్నాళ్ళు ఆగి మొదలుపెట్టాను. అంకెల టేబుల్ తీస్తే మొదటి పేజీలోనే తేడా కొట్టింది. ఎందుకిలా అని వెనక్కి వెళ్ళి రెండో వాల్యూమ్ పీడీఎఫ్ ఒక పక్క, నేను మార్చిన ఫైలు ఒక పక్క పెట్టాను. కృష్ణానది పొడవు 1400, బాగానే ఉంది. గోదావరి 1465 అని పీడీఎఫ్‌లో ఉంది. నా ఫైల్లో 1485.

"ప్రభువా, ఏం చేశాను" అని పైకే అన్నాను. ఆ ఫైలు యాదగిరికిచ్చి నలభై రోజులైంది. పరీక్ష ఇంకా పద్దెనిమిది రోజులుంది.

ప్రసాదరావు గారికి చూపించాను. ఆయన రెండు ఫైళ్ళలోని అంకెలూ వేలు పెట్టి పోల్చి చూశారు. "సరిచేసి కొత్త ఫైలు ఇవ్వు. ఇది ఇంకా బాగా వచ్చింది, ఇదే వాడమను. తప్పూ గిప్పూ అని వివరాలెందుకమ్మా? పరీక్ష ముందు బెదిరిపోతాడు" అన్నారు. ఆయన నా మంచికీ, అతని మంచికీ కలిపే చెప్పారు. ఉన్నమాట చెప్తాను, నాకూ కావలసిందదే. దర్జాగా తప్పించుకునే దారి దొరికిందని ప్రాణం లేచొచ్చింది.

పంజాగుట్ట హాస్టల్

ఫైలు సరిచేసి మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. పంజాగుట్ట చౌరస్తా దాటి లోపలి సందులో రెండో అంతస్తు. గదిలో నాలుగు మంచాలు, మిగతావాళ్ళు క్లాసులకు పోయారు. యాదగిరి కిటికీ పక్కన కూర్చుని ఏదో వల్లె వేస్తున్నాడు.

"రెండో వాల్యూమ్ కొత్త ఫైలు తెచ్చాను. ఇది ఇంకా బాగుంటుంది, ఇకనుంచి ఇదే విను" అన్నాను. ఇంట్లో అద్దం ముందు మూడుసార్లు అనుకున్న మాట అది.

"కొత్తదెందుకు మేడం? పాతదే మొత్తం ఎక్కిపోయింది" అన్నాడు సంబరంగా. "ఏది కావాల్నో అడుగుండ్రి! జర ఆగుండ్రి, నేనే చెప్త. గోదావరి పొడుగు వెయ్యిన్ని నాలుగు వందల ఎనభై అయిదు కిలోమీటర్లు. చూస్కోండ్రి! ఒక్కటి సుత తప్పు చెప్ప."

నా ప్లాను అక్కడే కూలిపోయింది. ఫైలు మార్చగలను. అతని తలకాయలో ఉన్నదాన్ని ఎలా మారుస్తాను? నేను మాట్లాడకపోతే ఈ మనిషి ఆ 1485నే తీసుకుని పరీక్షకు వెళ్తాడు. పక్కన కూర్చుని రాసిపెట్టే సహాయకుడితో ధీమాగా చెప్తాడు.

చెప్పేశాను. వివరంగా, దాచకుండా, ఏ రోజు ఏ పొరపాటు చేశానో అంతా చెప్పాను.

చేతిలోని ఫోను మంచం మీద పెట్టేశాడు. తరవాత అన్నాడు, "నలభై రోజులు మేడం. ఒకటి రెండు తాన డౌటొచ్చింది. రాష్ట్రాలు ఇరవై ఆరు అని చదివింది. బుక్కుల అచ్చు తప్పనుకున్న గాని మిమ్ముల అనుమానించలే." గొంతు పెరిగింది. "నాకు కండ్లు లేవు. మీ కండ్లనే నమ్మిన! మీరు నాకంటె గుడ్డోళ్ళయిండ్రు గద! పోండ్రి, ఇక్కడికెల్లి పోండ్రి."

బయటికి వచ్చాను గాని మెట్లు దిగలేకపోయాను. రెండో మెట్టు మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. యాభై దాటిన దాన్ని, ఎవరేమనుకుంటారో అని కూడా తోచలేదు. అతను అన్నదాంట్లో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. అదే నన్ను కోసింది.

ఎంతసేపయిందో, లోపలినుంచి పిలుపు వినబడింది. "మేడం, ఉన్నరా పోయిండ్రా?"

"ఉన్నాను."

"ఏ అంకెకు ఏది పడ్డదో మల్ల చెప్పుండ్రి."

గుమ్మం దగ్గర నిలబడి చెప్పాను. "మూడుకి ఏడు, ఏడుకి మూడు. ఆరుకి ఎనిమిది, ఎనిమిదికి ఆరు. మిగతా ఆరూ సరిగ్గానే ఉన్నాయి."

"అన్ని పేజీలల్ల గిట్లనేనా? యాడన్న వేరే తీరుగ పడ్డదా?"

"ఎక్కడా లేదు. పుస్తకమంతటికీ టేబుల్ ఒక్కటే."

అతని పెదాలు కదిలాయి. "అయితే గోదావరి... వెయ్యిన్ని నాలుగు వందల అరవై అయిదు."

"కరెక్ట్" అన్నాను.

"మరి ఫికరెందుకు! మీరు మిషన్ల టేబుల్ పెడ్తరు, నేను నెత్తిల పెట్టుకుంట" అన్నాడు. కోపం పోలేదు, గొంతులో ఇంకా ఉంది. అయినా లెక్క తేల్చుకునే పనిలో పడ్డాడు. ఒక మనిషి మనసు అంత తొందరగా కూడదీసుకోవడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తరవాతా చూడలేదు.

తిరిగొచ్చి ప్రసాదరావు గారితో అన్నాను, "సార్, మీరు చెప్పినట్టు చేయలేదు. జరిగింది చెప్పేశాను."

"తిట్టాడా?"

"తిట్టాడు."

"ఊఁ." అద్దాలు తుడుచుకున్నారు. "నేను నీకు సరైన సలహా ఇవ్వలేదమ్మా. పరీక్ష అయ్యేదాకా మధ్యాహ్నాలు అక్కడికి వెళ్ళు. ఇక్కడ అజీజ్ చూసుకుంటాడు." యజమాని అయ్యుండి, నా ముఖం మీదే "నేను చెప్పింది తప్పమ్మా" అన్న మనిషి ఆయనొక్కడే. మూడో వాల్యూమ్ అజీజ్ భాయే పూర్తిచేశాడు. అంకెలన్నీ ఒకటికి రెండుసార్లు పైకి చదివించి చూశాడట.

పరీక్ష దాకా మిగిలిన రోజులన్నీ టిఫిన్ డబ్బా పట్టుకుని పంజాగుట్టకు వెళ్ళాను. అసలు పుస్తకం నా చేతిలో ఉంటుంది, నేను అడుగుతాను, అతను లోపల తిప్పుకుని చెప్తాడు. అంతా సాఫీగా జరిగిందనుకునేరు, లేదు. నాలుగో రోజు నుంచి మొదటి వాల్యూమ్‌లో సరిగ్గా ఉన్న అంకెల్ని కూడా తిప్పేయడం మొదలుపెట్టాడు! తల పట్టుకుని "దిమాక్ ఖరాబైతున్నది మేడం, ఇంటికి పోత" అన్నాడు. ఇద్దరం నా డబ్బాలో చింతకాయ పచ్చడన్నం తిన్నాం. చేయి కడుక్కున్నాక అతనే ఉపాయం చెప్పాడు. ప్రతి జవాబుకు ముందు ఏ వాల్యూమో పైకి అనాలి. "రెండు" అంటే తిప్పాలి, "ఒకటి" అంటే ముట్టుకోకూడదు. వారం రోజులకు గాడిన పడ్డాడు. చివరి రెండు రోజుల్లో "రెండు" అనడం కూడా మానేశాడు, సరైన అంకే నేరుగా వస్తోంది.

పరీక్ష రోజు నేను చర్చిలో కూర్చున్నాను. ఏ ప్రార్థన చేశానో గుర్తులేదు. గోదావరి, గోదావరి అనుకున్నట్టున్నాను.

మీకు చెప్పాల్సింది

ఆ తరవాత మా దుకాణంలో ఒక పద్ధతి వచ్చింది. కంటితో చూసింది లెక్కలోకి రాదు. మార్చిన ఫైలును మిషన్ పైకి చదువుతుంటే ఒకరు వినాలి, అసలు పేజీ ఇంకొకరు పట్టుకోవాలి. అంకెలొచ్చిన ప్రతిచోటా ఆపాలి. పని నెమ్మదిస్తుంది. నెమ్మదించనివ్వండి. మొదటి పేజీ చూసి సంతోషపడకండి. మధ్యలోది తీయండి, చివరిది తీయండి. ఒకే పేరున్న ఫాంటని పాత టేబుల్ ఎక్కించకండి. ఇంక అన్నిటికంటే పెద్దది, తప్పు దొరికితే ఫైలు మార్చి చేతులు దులుపుకోకండి. ఆ ఫైలు అప్పటికే ఎవరి తలలోకి వెళ్ళిందో కనుక్కోండి. వెళ్ళి చెప్పండి. తిడతారు. తినండి.

నంబరు

ఫలితాలు రావడానికి చాలా నెలలు పట్టింది. ఈలోపు యాదగిరి ఊరికి వెళ్ళిపోయాడు. ఫోను చేస్తే "బస్సులు లెక్కపెడుతున్న మేడం" అని వేళాకోళం చేసేవాడు. చేసిన తప్పు దిద్దుకున్నామని మనం అనుకోవడం వేరు, అది నిజంగా దిద్దుబడిందా లేదా అని ఎదురుచూడటం వేరు. ఆ నెలల్లో నేను నిద్ర సరిగా పోలేదు.

ఒకరోజు మధ్యాహ్నం మళ్ళీ మా మెట్ల మీద కర్ర చప్పుడైంది. యాదగిరే. పొద్దున్న బస్సుకు బయల్దేరి వచ్చాడు. ఎంపికైనవాళ్ళ జాబితా వచ్చిందట. సంతకాలు పెట్టి స్కాన్ చేసిన కాగితం, ఫోను దాన్ని చదవలేకపోయింది. ఫోను నా చేతిలో పెట్టి తన హాల్‌టికెట్ నంబరు చెప్పాడు. "ఉన్నదో లేదో చూడుండ్రి."

ఆ నంబరులో మూడూ ఉంది, ఏడూ ఉంది. ప్రసాదరావు గారు లేచొచ్చి నా వెనక నిలబడ్డారు. అజీజ్ భాయ్ ఫ్యాను ఆపేశాడు, ఎందుకో ఆయనకే తెలియదు. వరసలన్నీ వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాను. మూడో పేజీలో వేలు ఆగింది. ఒక్కో అంకే ఆపి ఆపి పైకి చదివాను. ఆఖరి అంకె అయ్యేసరికి నాకు ఏడుపొచ్చేసింది.

"ఇంకోసారి" అన్నాడు.

చదివాను. అదే నంబరు. ప్రసాదరావు గారు కూడా చదివి, "ఉందయ్యా, ఉంది" అన్నారు. యాదగిరి గోడకు చేయి ఆనించి నిలబడ్డాడు. కాసేపటికి జేబులోంచి రుమాలు తీసి ముఖమంతా తుడుచుకున్నాడు.

నేను కళ్ళు తుడుచుకుని అడిగాను, "ఊళ్ళో చదివేవాళ్ళే లేరా నాయనా? మీ అక్క ఉంది, మేనల్లుళ్ళున్నారు. ఈ ఒక్క నంబరు కోసం ఇంత దూరం వచ్చావా?"

"వాళ్ళు తప్పు చదివితే నాకు తెల్వది మేడం" అన్నాడు. "మీరు తప్పు చదివితే మీరే వచ్చి చెప్తరు."